ఫలం కనబడని పుణ్యం

మా నాచారం భజన మండలిలో చైత్రం వెళ్ళేసరికి ఏటా ఒకే ప్రశ్న లేస్తుంది. బదరీ కేదారాల తలుపులు తెరిచే తేదీలు పేపర్లో పడతాయి. రైలు టికెట్లు, స్వెట్టర్లు, మోకాళ్ళ పట్టీలు, డాక్టరు సర్టిఫికెట్లు అన్నీ మాట్లాడుకున్నాక నేను మంచు సంగతి ఎత్తుతాను. ఏ గంటకు బయల్దేరాలి, ఏ గంట దాటితే ఆగిపోవాలి, ఏం కనిపిస్తే వెనక్కి తిరగాలి అని చెప్పడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అంటారు: "స్వామిని నమ్ముకోని పోతున్నం టీచరమ్మా. నమ్మకం తక్కువైతేనే గద ఇన్ని లెక్కలు?"

ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. అడిగేవాళ్ళు అమాయకులూ కారు. వైద్యులు చేతులెత్తేసిన చోట, కోర్టులు తేల్చని చోట, కన్నపిల్లలు దూరమైన చోట దేవుణ్ణి పట్టుకుని నిలబడ్డవాళ్ళు. ఆ నమ్మకం వాళ్ళు కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని చిన్నబుచ్చే హక్కు నాకు లేదు. నాకూ అదే నమ్మకం ఉంది కాబట్టే ఈ ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి వదల్లేదు. దేవుడి కొండ మీద జాగ్రత్తపడటం భక్తిలో లోటా? గుడి కనుచూపు మేరలో ఉండగా వెనక్కి తిరిగితే అది అపచారమా? నాకు దొరికిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మంచు సంగతి తేల్చుకుందాం. అది తెలియకుండా దేవుడి సంగతి మాట్లాడితే గాలిలో మాట్లాడినట్టే ఉంటుంది.

మంచుచరియ అంటే ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడే ఆపద అని చాలామంది అనుకుంటారు. వసంతంలో, ఎండాకాలం మొదట్లో జారే మంచు చాలావరకు అలా రాదు. అది గంట గంటకూ తయారవుతుంది. ఉద్యోగ విరమణ దాకా పదో తరగతి పిల్లలకు నేను చెప్పిన గుప్తోష్ణం పాఠమే దానికి మూలం. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు కరిగి నీరు కావాలంటే 80 కెలోరీల వేడిని తీసుకోవాలి. తీసుకున్నంతసేపూ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. థర్మామీటరు కదలదు. లోపల మాత్రం రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న పట్టు సడలిపోతుంటుంది. కరిగిన నీరు కిందికి ఇంకి, ఎక్కడో ఒక గట్టి పొర మీదో నున్నటి బండ మీదో చేరి పారుతుంది. పైనున్న మంచు బరువెక్కుతుంది, కింద పట్టు పోతుంది. పైకి చూసేవాడికి పొద్దున ఎలా ఉందో మధ్యాహ్నమూ కొండ అలాగే తెల్లగా కనిపిస్తుంది.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచులోని వేడి పైకి పోయి, నీరు మళ్ళీ గడ్డకట్టి, తెల్లవారేసరికి పైపొర రాయిలా బిగుసుకుంటుంది. దాని మీద అడుగు వేస్తే కరకరమంటుంది, కాలు దిగబడదు. మబ్బు పడితే ఆ వేడి పోదు, మంచు సరిగా బిగుసుకోదు. అలాంటి రాత్రి తరువాత వచ్చే పగలు పొద్దున్నుంచే ప్రమాదం. వాన పడితే ఇంకా ఎక్కువ. ఎండ ముందు తూర్పు ముఖంగా ఉన్న వాలుకు తగులుతుంది, తరువాత దక్షిణపు వాలుకు, మధ్యాహ్నం పడమటి వాలుకు. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మరీ నిటారైన చోట మంచు ఎక్కువ నిలవదు, మరీ చదునైన చోట జారదు. మనం నడిచే దారి చదునుగా ఉందని ధీమా పడటానికి లేదు. తలెత్తి పైనున్న వాలును చూడాలి. జారేది అక్కడ, కూరుకుపోయేది మనం.

కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు అందుకే చీకటితో లేచి మంచును దాటుతారు, ఎండ ముదిరేలోపు అవతల ఉంటారు. కాలు మడమ దాకా దిగబడటం మొదలైతే పని ముగించుకుంటారు, మోకాలి దాకా దిగబడితే అప్పటికే ఆలస్యమైందని వాళ్ళకు తెలుసు. ప్రమాదపు వాలు కింద గుంపుగా నిలబడరు. ఒకరి తరువాత ఒకరు దాటుతారు, దాటేవాణ్ణి మిగతావాళ్ళు కళ్ళు తిప్పకుండా చూస్తారు. పర్వతారోహకుల ఒంటి మీద సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్ ఉంటుంది, సంచిలో పొడవాటి గుచ్చే కడ్డీ, పార ఉంటాయి. మంచులో పూర్తిగా కూరుకుపోయినవాణ్ణి పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే ఆ అవకాశం చాలావరకు పోతుంది. అంత తక్కువ వ్యవధిలో బయట నుంచి ఎవరూ రాలేరు, పక్కనున్నవాళ్ళే తవ్వాలి.

యాత్రికుల దగ్గర ఆ పరికరాలు ఏవీ ఉండవు. కేదారం తెరిచిన కొత్తలో లించోలీ దాటాక భైరవ్ గదేరా, కుబేర్ గదేరాల దగ్గర మంచును కోసి దారి చేస్తారు. రెండు పక్కలా మంచు గోడల మధ్య చీరకొంగు బిగించి, చేతికర్ర పట్టుకుని నడుస్తాం. మన దగ్గరున్నవి గడియారం, కళ్ళు, వెనక్కి తిరగగలిగే కాళ్ళు. అంతే. కాబట్టి వెనక్కి తిరగడం తప్పు అనుకున్నామంటే ఉన్న ఒక్క రక్షణనూ మన చేతులతో పారేసుకున్నట్టు.

ఇక ప్రశ్న దగ్గరికి వస్తాను. జాగ్రత్తను కాదనేవాళ్ళు రెండు మాటలు చెబుతారు. ఒకటి విధి: రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం. రెండోది శరణాగతి: భారమంతా ఆయన మీద వేశాక మన లెక్కలు మధ్యలో దేనికి?

విధి గురించి ఆలోచించడానికి నాకు హిమాలయాలకు పోనక్కర్లేదు. నాచారం నుంచి హబ్సిగూడ చౌరస్తాకు వచ్చి ఉప్పల్ వైపు తిరిగితే చాలు. 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడ ఉంది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కూ ఎన్‌జీఆర్ఐ అనే పేరు. మంచు ముఖం ఎరగని ఈ ఉప్పల్ రోడ్డు మీది సంస్థ ఉత్తరాఖండ్ కొండల్లో భూకంప మాపకాలు పెట్టి, అక్కడి నేల కదలికలను పట్టుకుంటుంది. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం, ఉదయం పది దాటి ఇరవై నిమిషాలప్పుడు చమోలీ జిల్లాలో రౌంఠీ శిఖరం నుంచి దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్ల రాయీ మంచూ ఒక్కసారిగా విరిగి లోయలో పడింది. పడుతూనే ఆ మంచు నలిగి కరిగి, బురద వరదై రిషిగంగలో, ధౌలీగంగలో దూకింది. రిషిగంగ విద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. కట్టుబడిలో ఉన్న తపోవన్ విష్ణుగాడ్ ప్రాజెక్టు సొరంగంలో పనివాళ్ళు చిక్కుకుపోయారు. చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి రెండు వందలు దాటారు.

పదుల కిలోమీటర్ల అవతల ఉన్న మాపకాల్లోనూ ఆ కదలిక నమోదైంది. అదే ఏడాది అక్టోబరులో 'సైన్స్' పత్రికలో దాని మీద ఒక పరిశోధన వచ్చింది. జర్మనీ శాస్త్రవేత్తలతో పాటు మన సంస్థకు చెందిన ఎన్. పూర్ణచంద్రరావు, డి. శ్రీనగేశ్, రాజేశ్ రేకపల్లి వంటివారు అందులో ఉన్నారు. ఇలాంటి మాపకాల వరుసను ఎప్పటికప్పుడు గమనించే ఏర్పాటు ఉంటే, కింది లోయలో ఉన్నవాళ్ళకు కొన్ని నిమిషాల ముందు హెచ్చరిక చేర్చే వీలుందని వాళ్ళు చూపించారు. కొన్ని నిమిషాలు చాలు. ఆ రోజే ఒక తల్లి అది నిరూపించింది. పై ఊళ్ళో ఉన్న ఆమెకు వస్తున్న వరద కనబడింది. తపోవన్‌లో పనిచేస్తున్న కొడుక్కి ఫోన్ చేసి పరిగెత్తమంది. అతనూ, అతని వెంట పైకి పరిగెత్తిన తోటి పనివాళ్ళూ బతికారు.

ఇప్పుడు విధిని నమ్మేవాళ్ళను ఒక మాట అడుగుతాను. సొరంగంలో ఊపిరాడక పోయిన కూలీ తన కర్మ అనుభవించాడు అనగలమా? అతని భార్య ముందు కూర్చుని ఆ మాట మన నోటి నుంచి వస్తుందా? నాకు రాదు. కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. కానీ అది నా చేతిలో ఉన్న పనికి నన్ను బాధ్యురాలిని చేయడానికి ఉన్న సిద్ధాంతం. ఈ రోజు నేను చేసేదానికి రేపు ఫలం ఉంటుంది, కాబట్టి చూసి చెయ్యి అని అది నాకు చెబుతుంది. దాన్ని వెనక్కి తిప్పి, పోయినవాడి లెక్క తేల్చడానికి వాడితే అది క్రూరత్వం. పైగా మన బద్ధకానికి మంచి సాకు. హెచ్చరిక ఏర్పాటు ఎందుకు లేదు, నది గర్భంలో ఆ కట్టుబడి ఎందుకు పెట్టారు అని అడగాల్సిన నోళ్ళు 'వాళ్ళ రాత' అన్న ఒక్క మాటతో మూతపడతాయి.

దీనికి మహాప్రస్థానాన్ని అడ్డం పెట్టేవాళ్ళూ ఉన్నారు. బదరీ దాటి మూడు కిలోమీటర్లు పోతే మాణా ఊరు. పాండవులు స్వర్గానికి నడిచింది ఆ దారినే అని అక్కడివాళ్ళ నమ్మకం. ద్రౌపది ముందు పడింది, తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ఒక్కొక్కరు ఎందుకు పడ్డారో భీముడు అడిగాడు, ధర్మరాజు ఒక్కొక్కరి లోపం చెప్పాడు, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. 'చూశారా, కొండ మీద పడినవాడికి కారణం వాడి లోపలే ఉంటుంది, నిజమైన భక్తుడు వెనక్కి చూడడు' అంటారు.

ఆ కథను అక్కడే ఆపకూడదు. కుక్కను వదిలేసి రథమెక్కమంటే ధర్మరాజు ఎక్కలేదు. ఆపైన స్వర్గారోహణ పర్వంలో తనవాళ్ళు నరకంలో ఉన్నారని చూసి, నాకు ఆ స్వర్గం అక్కర్లేదు, వీళ్ళున్న చోటే ఉంటానన్నాడు. దారిలో పడినవాళ్ళకు కారణాలు చెప్పిన మనిషి, చివరికి వాళ్ళ పక్కన నిలబడటమే ధర్మమని తేల్చుకున్నాడు. భారతం ఆ నడకను ముగించింది అక్కడ. ఇంకో సంగతి. పాండవులు రాజ్యం పరీక్షిత్తుకు అప్పగించి, తిరిగి రాకూడదనే బయల్దేరారు. మన మండలివాళ్ళు ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి, మనవడి అన్నప్రాసనకు వచ్చేస్తామని చెప్పి బయల్దేరుతారు. వాళ్ళది మహాప్రస్థానం, మనది యాత్ర. రెంటి ధర్మాలూ వేరు.

ఆ మాణాలోనే 2025 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం మీద మంచుచరియ పడింది. అక్కడున్న 54 మంది పనివాళ్ళలో 46 మందిని సైనికులు, సహాయక దళాలు తవ్వి బతికించాయి. ఎనిమిది మంది పోయారు. బదరీ గుడి దాకా, మాణా దాకా మనకు రోడ్డు ఉందంటే శీతాకాలంలో అలాంటివాళ్ళు అక్కడ మంచు తవ్వుతూ ఉండబట్టే. దర్శనం చేసుకుని చేతులు జోడించినప్పుడు వాళ్ళను తలుచుకోకుండా నాకు నమస్కారం పూర్తి కాదు.

విధీ పురుషకారాల మీద ఇదే ప్రశ్నను ధర్మరాజు అంపశయ్య మీది భీష్ముణ్ణి అడిగాడు. ఆనుశాసనిక పర్వంలో ఉంది. పురుష ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట అని భీష్ముడి జవాబు. ప్రయత్నం లేనివాడికి దైవం కూడా ఏమీ పండించలేదంటాడు. నాకు అందులో నచ్చింది ఒకటుంది. విత్తనం మన చేతిలోది కాకపోవచ్చు. దున్నడం మాత్రం ఎవరూ మన బదులు చేయరు.

ఇక శరణాగతి. ఇది విధి కన్నా లోతైన మాట, దీనికి మర్యాదతో జవాబు చెప్పాలి. బదరికాశ్రమం నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. అక్కడికి పోయే శ్రీవైష్ణవులకు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం తెలుసు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని మోస్తుంది. జీవుడు ఈ రెంటిలో ఎవరన్నది ఆచార్యులు తరాలపాటు వాదించుకున్న విషయం. మా మండలిలో ఎక్కువమంది పిల్లికూనల పక్షం. నాకూ ఆ పక్షమే ఇష్టం.

అయితే ఆ వాదం మోక్షం గురించి జరిగింది. సంసారాన్ని దాటించేది ఎవరు అన్నది అక్కడి ప్రశ్న. మంచు వాలును మధ్యాహ్నం దాటాలా, తెల్లవారుజామున దాటాలా అన్నది కాదు. అంతకన్నా ముఖ్యమైనది శరణాగతికి పెద్దలు చెప్పిన ఆరు అంగాల వరుస. మొదటిది ఆనుకూల్య సంకల్పం: ఆయనకు ఇష్టమైనట్టు నడుచుకుంటాననే నిశ్చయం. రెండోది ప్రాతికూల్య వర్జనం: ఆయనకు ఇష్టం లేనిదాన్ని విడిచిపెట్టడం. ఆయన రక్షిస్తాడన్న విశ్వాసం మూడోది. ఆ తరువాతే రక్షించమని వేడుకోవడం, తనను అప్పగించుకోవడం, దీనత్వం. 'ఆయనే చూసుకుంటాడు' అనే మాటకు ముందు రెండు మెట్లున్నాయి. ఆయన సృష్టించిన మంచుకు ఒక స్వభావం పెట్టాడు. ఆ స్వభావాన్ని గౌరవించడం ఆనుకూల్యం. నా వెనక నడిచే పదిమంది ప్రాణాలను పందెం వేయడం ప్రాతికూల్యం. మొదటి రెంటినీ దాటవేసి మూడోదాని మీద కూర్చున్నవాణ్ణి శరణాగతుడు అనలేం. దేవుణ్ణి పరీక్షిస్తున్నవాడు అనాలి.

ఒక జ్యేష్ఠమాసంలో ఇదంతా నాకు మాటల్లో కాక కాళ్ళ కింద ఎదురైంది. బదరీ దర్శనం అయ్యాక మాలో కొందరం హేమకుండ్ బయల్దేరాం. అది సిక్కుల పుణ్యక్షేత్రం, అక్కడి సరస్సు గట్టునే లక్ష్మణస్వామి గుడి కూడా ఉంది. పైన రాత్రి ఎవరినీ ఉండనివ్వరు, వెళ్ళినవాళ్ళు ఆ రోజే దిగాలి. కింది మజిలీ ఘాంఘరియాలో గుర్రాల బేరం తెమలక ఆలస్యమైంది. గుడికి కొంచెం కింద అట్లాకోటి అనే మంచు పాయ దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ముందు రాత్రి మబ్బు పట్టి ఉంది, పెద్దగా చలి వేయలేదు. దారి పక్కన కర్ర గుచ్చితే అడ్డం లేకుండా దిగిపోతోంది. పైవాలు నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే ఊడి, దొర్లుతూ దొర్లుతూ పెద్దవవుతూ కిందికి వస్తున్నాయి. మా వెంట వచ్చిన ఘాంఘరియా కుర్రాడు ఆ ఉండలను చూసి సామాన్లు దించేశాడు. "ఇప్పుడు వద్దు మాతాజీ, రేపు చీకటితో వద్దాం" అన్నాడు. మా టికెట్ల ప్రకారం రేపు లేదు.

నా పక్కింటి పెద్దమ్మ ఆ రోజు నా చెయ్యి పట్టుకునే నడిచింది. డెబ్బై దాటిన మనిషి. ఎన్నో ఏళ్ళ మొక్కు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "అద్దగంట గూడ లేదు బిడ్డా. ఇంత దూరమొచ్చి లచ్చుమన్నను సూడకుండ పోతమా? ఏమన్న అయితే ఆయనే సూస్కుంటడు."

"ఆయన చూసుకుంటున్నాడు కాబట్టే పెద్దమ్మా, ఆ ఉండలు మనకు కనబడుతున్నయి. ఇంతకన్నా గట్టిగా ఎట్ల చెప్తడు?" అన్నాను.

ఆమె చాలాసేపు పైవాలు వైపు చూసింది. తరువాత అక్కడి నుంచే సరస్సు ఉన్న దిక్కుకు తిరిగి, చెప్పులు విడిచి, మంచు మీద మోకరిల్లి దండం పెట్టింది. అందరం అలాగే పెట్టి దిగిపోయాం.

మేము దిగుతున్నంతసేపూ ఆ వాలు జారలేదు. ఆ సాయంత్రం జారిందన్న కబురూ రాలేదు. మర్నాడు బస్సులో పెద్దమ్మ మెల్లిగా అంది: "ఏం గాలె గద బిడ్డా. పోయినా అయిపోవు." అందులో నిష్ఠూరం లేదు, దిగులు ఉంది. ఆ దిగులుకు నేను ఏం చెప్పాలి? వాలు జారి ఉంటే నేను తెలివైనదాన్ని అయ్యేదాన్ని, ఆమె నా రెండు చేతులూ కళ్ళకద్దుకునేది. జారలేదు కాబట్టి దర్శనం పోగొట్టినదాన్ని అయ్యాను. ఆ రెంటిలో ఏది జరిగినా నేను చేసిన పని ఒకటే. అప్పుడు కనబడిన గుర్తులూ అవే.

ఈ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు సరిగ్గా ఇక్కడుంది. జాగ్రత్తకు ఫలం కనబడదు. మందు వేసుకుంటే జ్వరం తగ్గడం కనబడుతుంది, దానం చేస్తే ఎదుటివాడి ముఖంలో వెలుగు కనబడుతుంది, పూజ చేస్తే మనసు కుదుటపడటం కనబడుతుంది. వెనక్కి తిరిగినవాడికి మాత్రం తాను ఏ చావును తప్పించుకున్నాడో, అసలు తప్పించుకున్నాడో లేదో ఎప్పటికీ తెలియదు. అతనికి మిగిలేది తీరని మొక్కు, తోటివాళ్ళ దిగులు, కొన్నిసార్లు పిరికివాడన్న మాట. అయినా చేయాలి. ఫలం మీద ఆశ లేకుండా కర్మ చెయ్యి అని గీతాచార్యుడు చెప్పినప్పుడు అది యుద్ధానికో యజ్ఞానికో చెప్పిన మాట అనుకుంటాం. నాకైతే మంచు వాలు ముందు వెనక్కి తిరగడం కన్నా శుద్ధమైన నిష్కామ కర్మ కనిపించలేదు. దానికి ఫలం దక్కదని కాదు, దక్కిన ఫలం కనబడే వీలే లేదు. చేసే క్షణంలో సరైనదా కాదా అన్నదొక్కటే దానికి కొలత.

ఉప్పల్ రోడ్డు మీది సంస్థ పెట్టిన ఆ మాపకాల పని కూడా ఇలాంటిదే. ఏళ్ళకేళ్ళు వింటూ ఉండాలి. చేరిన హెచ్చరిక ఫలించిన రోజున పత్రికలకు రాయడానికి ఏమీ ఉండదు, ఎవరూ పోలేదు కాబట్టి. ఆ పనిని ఓపికగా చేసేవాళ్ళను నేను తపస్వులుగానే చూస్తాను.

అట్లాకోటిలో 2023 జూన్ 4న మంచుచరియ పడి ఒక యాత్రికురాలు చనిపోయింది. ఆ కుటుంబంలో మిగతావాళ్ళను రక్షించారు. ఆ వార్త విన్నప్పుడు మేము తిరగడమే సరైందని రుజువైనట్టు సంబరపడలేదు. వేరే రోజు, వేరే మంచు, వేరే మనుషులు. ఒకరి చావును నా నిర్ణయానికి సాక్ష్యంగా వాడుకోను. ఆమెకు అదే గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

జాగ్రత్తకు హద్దు లేదా? ఉంది. దాన్ని దాచితే నేను అబద్ధం చెప్పినట్టు. 2014 ఏప్రిల్ 18 ఉదయం ఎవరెస్టు దక్షిణ దారిలో ఖుంబు మంచు జలపాతం మీద పైనుంచి పెద్ద మంచు దిమ్మ విరిగిపడి నేపాలీ పనివాళ్ళు 16 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది షెర్పాలు. కొండ ఎక్కేముందు పూజ చేయకుండా షెర్పాలు అడుగు పెట్టరు. చీకటి ఉండగానే, మంచు బిగుసుకుని ఉన్న గంటల్లోనే బయల్దేరతారు. పూజా చేశారు, లెక్కా చూశారు, అయినా పోయారు. అదే ఋతువులో, ఆ కొండకు అవతలి వైపు టిబెట్ దారిలో, మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో శిఖరం చేరింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఉప్పల్ నుంచి వరంగల్ బస్సెక్కితే గంటంపావులో వచ్చే భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్నవాళ్ళు. ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబుకు కొండల సంగతి తెలియదని ఎవరూ అనలేరు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఆయన ప్రాణం పోయింది.

సియాచిన్‌లో 2016 ఫిబ్రవరి 3న పది మంది సైనికులను మంచు కప్పేసింది. అందులో కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆరు రోజుల తరువాత తవ్వితే లాన్స్ నాయక్ హనుమంతప్ప ఊపిరితో కనబడ్డాడు. దేశమంతా అద్భుతం అంది. నిజంగా అద్భుతమే. ఫిబ్రవరి 11న ఆయన కూడా వెళ్ళిపోయాడు. అద్భుతాలు జరుగుతాయని నేను నమ్ముతాను. కానీ అది ఇచ్చేవాడి ఇష్టం, అడిగి తెచ్చుకునే హక్కు కాదు. దాన్ని ముందే లెక్కలో వేసుకుని నడవకూడదు.

కాబట్టి దైవం ఎక్కడ మొదలవుతుందో నాకు ఇప్పుడు స్పష్టంగా ఉంది. తెలుసుకోగలిగినదంతా తెలుసుకుని, చేయగలిగినదంతా చేశాక కూడా కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదే ఆయన చేతిలో పెట్టాల్సిన భారం. మనం మోయగలిగినదాన్ని కూడా ఆయన మీద పడేసి దాన్ని శరణాగతి అనకూడదు. మనం మోయలేనిదాన్ని కూడా మన తెలివితోనే మోస్తామనుకుంటే అది అహంకారం. మంచు వాలు ముందు నిలబడితే ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో చాలా దగ్గరగా కనిపిస్తుంది.

మరో మాట కూడా మా మండలికి చెబుతాను. కొండ మీద నా ప్రాణం నా ఒక్కదానిదే కాదు. నేను కూరుకుపోతే నన్ను తవ్వడానికి అదే జారే వాలు కిందికి రాష్ట్ర విపత్తు దళంలోని ఇరవై ఏళ్ళ కుర్రాడు వస్తాడు. వాడికీ ఒక తల్లి ఉంది. నా మొక్కు తీరడానికి వాడి ప్రాణాన్ని అడ్డం పెట్టే అధికారం ఏ శాస్త్రమూ నాకు ఇవ్వలేదు.

అందుకే ఇప్పుడు మా యాత్ర మొదలయ్యే ముందు నాచారం గుడిలో చెప్పించే సంకల్పాన్ని నేను కొత్తగా వింటున్నాను. సంకల్పంలో ముందు వచ్చేది కోరిక కాదు. మనం ఏ కాలంలో ఉన్నామో, ఏ దేశంలో ఉన్నామో వరుసగా చెప్పుకుంటాం: ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ తిథి, ఏ నదికి ఏ దిక్కున. ఫలానా కోరిక తీరాలి అనేది ఆఖరున వస్తుంది. పెద్దలు పెట్టిన ఆ వరుస కొండ మీదా వర్తిస్తుంది. ఇది వసంతమా గ్రీష్మమా, రాత్రి మబ్బు పట్టిందా, ఇప్పుడు ఎన్ని గంటలు, నా తల మీదున్న వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది. దేశకాలాలు తెలుసుకున్నవాడికే కోరిక చెప్పుకునే అర్హత.

ఈ వైశాఖంలో వెళుతున్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే. టికెట్లలో ఒక ఖాళీ రోజు పెట్టుకోండి, రేపు అనే మాటకు చోటుంటుంది. మంచు ఉన్న చోట్లకు తెల్లవారేలోపు చేరండి. స్థానికుడు వద్దంటే వాదించకండి. తిరిగి రావలసివస్తే ఆ చోటి నుంచే నిండుగా దండం పెట్టండి, ఏదో వెలితి పడిందని ఏడవకండి. స్వామి గుడిలో ఉన్నంతగానూ ఆ హెచ్చరికలో ఉన్నాడు. మీరు ఆయన మాట విన్నారు.